అడిగినన్ని గవ్వలిచ్చిన ఆట

మొన్న ఏలూరులో ఒక ఫ్యాన్సీ షాపు అద్దంలో చాలా ముఖాలున్న రంగు పాచికలు కనిపించేసరికి లోపలికి వెళ్ళాను. ఎంతమంది ఆడతారండీ అని షాపాయన అడిగితే, ఊరికే చూస్తున్నానండీ అని వచ్చేశాను. హాస్టళ్ళలో చదువుకున్న మన ఈడువాళ్ళకి ఆదివారం మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉండేవో చెప్పక్కర్లేదు. తాడేపల్లిగూడెంలో ఆ మధ్యాహ్నాల కోసమే నేనొక ఆట తయారుచేశాను.

నేను కథ చెబుతాను. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అయి, ఆ కథలో తామేం చేస్తారో చెబుతారు. అది నెగ్గుతుందో లేదో గవ్వలు తేలుస్తాయి. తలా నాలుగు గవ్వలు, రెండు వెల్లకిలా పడితే నెగ్గినట్టు. కథంతా కొల్లేటికోట చుట్టూ నీళ్ళు పెరిగిన ఒక వర్షాకాలంలో జరుగుతుంది. కైకలూరులో ఐసు వ్యాపారం చేసేవారి అమ్మాయే మా సీనియర్ అక్క; ఆమె నీటిని శాసించే మంత్రగత్తె. కామవరపుకోట అమ్మాయి దీపం పట్టుకుని లంకల మధ్య దారి చూపేది. ఏలూరు దర్జీ గారి అమ్మాయి పడవ నడిపేది. ఆట కోసం పాత లంగా గుడ్డ మీద కొల్లేటి పటం కూడా కుట్టింది. నలుగురిలో నోరు పెగలని నాకు, ఆ ముగ్గురూ వచ్చి నా మంచం మీద కూర్చోవడమే పండుగ. వాళ్ళు రావడం మానేస్తే ఆ హాస్టల్లో నాకు వేరే మనిషి లేదు.

మా వైపు అడిగినవాళ్ళకి మొహాన లేదనడం చేతకాదు. "ఏవమ్మా, మంత్రగత్తెకి కూడా నాలుగే గవ్వలా?" అని అక్క అంటే ఇంకొకటిచ్చాను. మళ్ళీ అడిగితే మళ్ళీ ఇచ్చాను. చివరికి ఆమె గుప్పిళ్ళతో విసిరేది, నేను వారమంతా అల్లుకున్న గాలివానా దొంగలూ ఒక్క వేటుతో ముగిసిపోయేవారు. "మీ అక్కుందిగా, ఇంక మేమెందుకే? కాస్త పడుకోనీ," అని కామవరపుకోట అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాతి ఆదివారం దర్జీ గారి అమ్మాయి బట్టలు ఉతుక్కోవాలంది.

గవ్వలు వెనక్కి తీసుకుంటే అక్క రాదు, తీసుకోకపోతే మిగతా ఇద్దరూ రారు. ఆ వారం డైరీ నిండా కొట్టివేతలే. చివరికి, లేదనకుండానే ఆపే మన ఇళ్ళ పద్ధతే పనికొచ్చింది: అలాగేనండీ, కాకపోతే. ఎన్ని గవ్వలైనా వేసుకోవచ్చు, కాకపోతే నాలుగు దాటి వేసినప్పుడల్లా ఆ పాత్రను లంకలో ఒకరు మర్చిపోతారు. ఎవరన్నది మిగతావాళ్ళు చెబుతారు.

అక్క నవ్వేసి గుప్పిళ్ళతో విసిరి వరదను ఆపింది. "మీ అమ్మ నిన్ను మర్చిపోయిందక్కా," అంది దర్జీ గారి అమ్మాయి తాపీగా. అక్క మళ్ళీ విసిరింది. ఈసారి పడవ మనిషే ఆమెను ఎక్కించుకోనంది, ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఎలా ఎక్కించుకుంటామండీ అని. అక్క పటం దగ్గరికి లాక్కుని, నాలుగే గవ్వలు తీసుకుని, "ఏవే దీపం, మా ఇల్లెక్కడో చూపించవే," అంది. గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల లేచి దగ్గరికి జరిగింది. ఆ సాయంత్రం మెస్ గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

పోయినేడు అక్క కూతురి అన్నప్రాసనకి కైకలూరులో అందరం కలిశాం. వాళ్ళు ముగ్గురూ ఇప్పటికీ మంత్రగత్తె, దీపం, పడవ అనే పిలుచుకుంటున్నారు. మరి మీరెవరండీ అందులో అని బావగారు అడిగారు. వరదా దొంగలూ లంకలో అమ్మలూ, అందరూ నేనేనండీ అన్నాను.

"మరయితే మీతో ఆడిందెవరండీ?" అన్నారాయన నవ్వుతూనే.

ఇప్పటి పిల్లలు ఎక్కడెక్కడివాళ్ళతోనో ఫోన్లో ఆడుకుంటారు. ఎవరికెంత బలమివ్వాలో ఆ ఫోనే చూసుకుంటుంది, ఎవరూ అలిగి గోడవైపు తిరగరు. నేను మాత్రం ఈ మధ్య ఆ పాత ఆటలో నాకూ ఒక పాత్ర రాసుకున్నాను. లంకలో పంతులమ్మ, మంత్రాలేవీ రావు. బాగానే కుదిరింది. కానీ ఆమెను వరదలో నిలబెట్టి, ఇప్పుడేం చేస్తావని అడగడానికి ఒక మనిషి కావాలి. అడగగలిగినవాళ్ళు ముగ్గురు ఒకప్పుడు నా మంచం మీదే కూర్చునేవారు. నన్నూ అడగండని చెప్పాలని అప్పుడు నాకు తోచలేదు.