అడక్కుండా తీసిన గౌను

టైలరమ్మకి ఉన్న జబ్బు ఒక్కటే: తనని అడక్కుండా ఎవరినీ ఏదీ ముట్టుకోనివ్వదు. కత్తెర తీస్తే "అడిగావా?" స్టూలు లాక్కుంటే "అడిగావా?" చెమట ఆరేందుకు ఫ్యాను కింద నిలబడ్డ పోస్టుమాన్‌ని కూడా "గాలికి అడిగావా?" అంది. పాపం, అతను ఆ రోజు ఉత్తరం కూడా అడిగే ఇచ్చాడు.

కోడలేమో నోరు విప్పి ఏదీ అడగలేని మనిషి. స్నేహితురాలు బతిమాలితే, పిల్లల గౌన్ల మీద అత్త రాసిన పుస్తకాన్ని గుట్టుగా ఫోన్లో ఫొటోలు తీసి పంపేసింది. నెల తిరిగేసరికి అది ఊళ్లో ఆడవాళ్ళందరి ఫోన్లలోకీ పాకింది. పుస్తకం వేసినాయన చేతులెత్తేశాడు.

"అందరికీ ఊరికే దొరుకుతోంది. మళ్ళీ ఎవరి కోసం వెయ్యనమ్మా?"

"పదేళ్ళ కష్టమయ్యా నాది! నీ చేత వేయించే తీరతాను. ఆ ఫొటోలు తీసిందెవరో కూడా తేలుస్తాను." అత్త కొంగు బిగించింది. కోడలు గబగబా తన ఫోన్ని దిండు కింద దాచేసింది.

మర్నాడే ఒకావిడ కూతుర్ని ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్ల మొహం గౌనులో ఇరుక్కుపోయింది.

"మీ పుస్తకం తప్పండీ! చెప్పినట్టే కుట్టాను. పైకీ రాదు, కిందికీ దిగదు!"

పుస్తకంలో మడతపెట్టిన పెద్ద నమూనా కాగితం, ఫొటోగా మారి చిన్న కాగితం మీదకొచ్చేసరికి చిక్కి సగమైంది మరి.

"ఏ పుస్తకం? అడిగావా?"

"ఫోన్లో వచ్చిందండీ..."

"అమ్మా, చీకటి!" అంది గౌను.

అత్త కత్తెర అందుకుని వంగింది. "కత్తిరించనా తల్లీ?"

"ఊఁ."

ఆ పసిదాన్ని కూడా అడిగిన అత్తని చూశాక కోడలు ఆగలేకపోయింది. "అత్తయ్యా, స్నేహితురాలు బతిమాలితే ఆ ఫొటోలు తీసింది నేనే. అడిగితే కాదంటారని..."

"ఇన్నేళ్ళలో, అడిగినవాళ్ళని ఎప్పుడైనా కాదన్నానా?"

కోడలు ఎంత వెతుక్కున్నా ఒక్కరూ గుర్తుకు రాలేదు. పోస్టుమాన్‌కి కూడా ఆ రోజు గాలితోపాటు మంచినీళ్ళిచ్చింది.

"ఒక్క మాట అడిగుంటే నీ స్నేహితురాలికి పుస్తకమే ఇచ్చేదాన్ని కదే! నా వస్తువు ఇచ్చే చెయ్యి నాదై ఉండాలి."

ఆ వారమంతా కోడలు సిగ్గు గట్టున పెట్టి ఇల్లిల్లూ తిరిగి, దగ్గరుండి ఫోన్లలోంచి ఆ ఫొటోలు చెరిపించేసింది. ఇంటికొచ్చి, పెద్ద నమూనాని పుస్తకం పేజీల్లో పట్టే ముక్కలుగా, కొలత తగ్గకుండా మళ్ళీ గీసింది. అత్తాకోడళ్ళు వెళ్ళి వాటిని చూపిస్తే పుస్తకాలాయన మెత్తబడ్డాడు. "ఊరికే దొరికేవి పోయాయిగా, ఇవి ఉంటే వేస్తానమ్మా."

అత్త ఇంటికొచ్చి కోడలి ముందు నిలబడి గొంతు సవరించుకుంది.

"అమ్మాయ్, ఈ గీతలు నీవి. నీ పేరు పెట్టి నా పుస్తకంలో వేసుకోనా?"

చదువు మాన్పించినప్పుడు గానీ, పెళ్ళి కుదిర్చినప్పుడు గానీ కోడలిని ఇలా అడిగినవాళ్ళు లేరు. అడిగించుకునే ఆ రుచిని వెంటనే మింగేయబుద్ధి కాలేదు.

"ఆలోచించి చెప్తానత్తయ్యా."

"సరే, తొందరేం లేదు," అంటూ అత్త అక్కణ్ణుంచి అంగుళం కదల్లేదు.