తప్పు చెప్పమని బతిమాలిన కెప్టెన్

కెప్టెన్ దేవసహాయం గారు ఇక లేరు. పోయిన మంగళవారం తెల్లవారేసరికి చేవెళ్ల దవాఖానలో ఆయన గుండె ఆగిపోయిందని నర్సమ్మ చెబితే, "సరిగ్గ చూసినవా అమ్మా? ఇంకొక్కసారి చూడరాదు!" అని ఆమె మీదే విసుక్కున్నాను. పాపం, ఆమె మళ్లీ వెళ్లి చూసి వచ్చింది. ముందురోజు సాయంత్రం పప్పులో ఉప్పు తక్కువైందని నాతో పేచీ పెట్టుకున్న మనిషి మరునాటికి నిశ్చలంగా, నిరుత్తరంగా పడుకోవడమేమిటి? ఆ నిజాన్ని నా బుద్ధి ఈనాటికీ పూర్తిగా అంగీకరించలేదు.

ఆయన మా అమ్మకు స్వయానా అన్న, నాకు మేనమామ. ఈ నాలుగు మాటలు రాయడానికి బంధుత్వం ఒక్కటే కారణం కాదు. ఆయనకు చెప్పవలసిన ఒక తప్పు నా దగ్గర మిగిలిపోయింది. దాన్ని దాచుకొని ఆయన గుణగణాలను కీర్తిస్తే ఆయన ఆత్మ హర్షించదు.

చిన్న మంగళారంలో పుట్టిన ఆ పేదింటి బిడ్డ ముప్పై ఏళ్లకు పైగా ప్రయాణికుల విమానాలు నడిపారు. పదవీ విరమణ అనంతరం పట్నంలో ఇల్లు అమ్ముకొని ఊరికి తిరిగివచ్చి, ఎకరం చేనులో టమాటలు పెట్టారు. సంతానం లేని ఆయనకూ అత్తమ్మకూ పక్కింట్లో ఉండే నేనే బిడ్డను. ఊరంతా ఆయన్ను 'విమానం సారు' అనేది. నిగర్వి అని రాయాలని ఉంది కానీ అది అబద్ధం. తన టమాటల సంగతి వచ్చిందంటే ఆయనంత గొప్పలు చెప్పుకునేవారు మండలంలో లేరు.

మృగశిర కార్తె దాటినా చినుకు పడని ఒక ఏడాది, పక్క చేను రైతు ఒకాయన వచ్చి, "సారూ, అన్నేండ్లు మబ్బుల్ల తిరిగినవు. వాన ఎప్పుడొస్తదో జర చెప్పు" అని అడిగాడు. మామ చాలాసేపు ఆకాశం వంక చూసి, "మబ్బుల్ని తప్పించుకొని పోవుడే నేర్పిన్రు నాకు. పిలుసుడు నేర్పలే. మీ కష్టం ముంగట నా సదువు ఉత్తదే" అన్నారు. వినయమంటే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. తర్వాత ఇద్దరూ గట్టు మీద కూర్చుని చాయ్ తాగారు.

ఆయన కారెక్కడం మాత్రం మాకు పెద్ద పరీక్ష. తాళం తిప్పేముందు విమానంలో లాగా ఒక్కొక్కటీ పైకి చదవాలి, పక్కనున్నవారు జవాబు చెప్పాలి.

"బెల్టు?"

"పెట్టుకున్న."

"నీ దిక్కు అద్దం?"

"మంచిగనే ఉన్నది."

"తలుపు?"

"ఏసిన మామా! ఆడ లగ్గం అయిపోతది, నడువు ఇగ!"

"గిట్ల ఆగమైనప్పుడే తలుపు మర్సిపోతరు బిడ్డా. మళ్లొకసారి చూడు."

చూస్తే ఒకసారి నిజంగానే తలుపు సరిగా పడలేదు. ఆ గెలుపును ఏడాది పొడుగునా చెప్పుకున్నారు మహానుభావుడు.

ఈ నియమనిష్ఠల వెనుక ఒక గాయం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన సహ పైలట్. పెద్ద కెప్టెన్ అంటే ఆయనకు తండ్రితో సమానం, ఆ ఇంట అన్నం తిన్నారు. ఒక పొగమంచు ఉదయం ఆ పెద్దాయన విమానాన్ని ఉండవలసిన దానికంటే కిందికి దించుతున్నారు. మామకు తెలిసింది. అంతటి మనిషికి నేను చెప్పడమా అని నోరు మెదపలేదు. చక్రాలు రన్‌వేకు ముందున్న మట్టిలో దిగి టైర్లు పేలాయి. దైవకృప, ఎవరికీ ఏమీ కాలేదు. "ఆయన తప్పు చూడక చేసిండు. నేను చూసి చేసిన. ఎవనిది పెద్దది?" అని అడిగేవారు.

తాను కెప్టెన్ అయ్యాక, ప్రతి ప్రయాణానికి ముందు పక్కనున్న కుర్ర పైలట్‌తో ఒకే మాట చెప్పేవారట: "ఇయ్యాల నేను తప్పు జేస్త. ఎప్పుడు జేస్తనో తెల్వది. నువ్వు పట్టుకోవాలె. రెండుసార్లు చెప్పు. వినకపోతే విమానం నువ్వు తీసుకో." ఇంట్లో మాకూ అదే శాసనం. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెంచే మన ఇళ్లలో, నా తప్పు చెప్పండర్రా అని బతిమాలిన పెద్దమనిషిని నేను మరొకరిని చూడలేదు.

రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం నన్ను మొయినాబాద్ బడి నుంచి తీసుకొస్తున్నారు. నేనక్కడ టీచరును. మలుపు దగ్గర గొర్ల మంద రోడ్డు దాటుతోంది, నడుమ కాపరి. "మామా, గొర్లు" అన్నాను. వేగం తగ్గలేదు. "మామా, మనిషి!" అని అరిచాను. అప్పటికీ తగ్గకపోతే హ్యాండ్ బ్రేకు పట్టి గుంజాను. కాపరికి జానెడు దూరంలో కారు ఆగింది. మామ ఇంజను ఆపారు. దిగి, ఇటు తిరిగి వచ్చి, నా తలుపు తీసి తాళంచెవి నా చేతిలో పెట్టారు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆదివారం చర్చి ఆరాధనలో, ఎవరి అనుభవాలు వారు నలుగురి ముందు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆయన లేచి నిలబడ్డారు. "దేవుని సన్నిధిల చెప్తున్న. నా కండ్లు మందగించినయి, దాసిపెట్టిన. ఒక తల్లి కొడుకును సంపుతుంటి. నా మేనకోడలు తప్పు కనబడ్డ క్షణమే ఆపింది. గింత మంచి సహ పైలట్ నా సర్వీసుల దొరకలే" అన్నారు. గుడి నిండా హల్లెలూయలు. నేను తల దించుకున్నాను, అందరూ అణకువ అనుకున్నారు.

ఆయన చూపు తగ్గిందని నాకు తెలిసింది ఆ క్షణాన కాదు. ఆరు నెలల ముందు, మోకిల ఊళ్లో ఒక పెళ్లినాడే తెలిసింది. ఎదురుగా నిలబడిన నా తమ్ముణ్ణి "ఎవరు బాబూ?" అన్నారు. తిరిగివస్తుంటే స్పీడుబ్రేకరు కానరాక కారు ఎగిరిపడింది. "రోడ్డు ఖరాబైంది" అంటే "అవు మామా" అన్నాను. అత్తమ్మ పోయాక ఆయనకు మిగిలిన స్వేచ్ఛ ఆ స్టీరింగే కదా, దాన్ని లాక్కునే చేయి నాది కాకూడదని మౌనం వహించాను. దాన్ని ప్రేమ అనుకున్నాను. ఒట్టి పిరికితనం. ఆరు నెలలు ఊరి జనం ప్రాణాలను ఆ రోడ్డు మీద వదిలేసి పక్కసీట్లో కూర్చున్నాను. సాక్ష్యం తర్వాతైనా చెప్పవచ్చు. పొగడ్త తియ్యగా ఉంది, రేపు చెబుదామనుకుంటూ రెండేళ్లు గడిపాను.

చెప్పి ఉంటే ఏమనేవారో తెలుసు. కాసేపు గడ్డం గీరుకొని, "అచ్ఛా. ఇంకోసారి గట్ల జెయ్యకు. తిన్నవా?" అనేవారు. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ప్రేమలో వీసమెత్తు తగ్గించని మనిషి నా బతుకులో ఆయనొక్కరే. సమాధి మీద మన్ను వేస్తున్నప్పుడు పాస్టరు గారు నన్నూ పిడికెడు వెయ్యమన్నారు. వంగి, ఎవరికీ వినబడకుండా చెప్పాను.

"మామా, మోకిల కాన్నుంచే నాకు ఎరుకే. చెప్పలే."