శోశమ్మ చూడని చావుల పేజీ

శోశమ్మకు పేపరంటే ముందు చావుల పేజీయే. ఆమెకే కాదు, కేరళలో పాలా ఊరి చుట్టుపక్కల పెద్దవాళ్లందరికీ అంతే. వరసగా ఫొటోలు, ఇంటిపేర్లు, ఏ చర్చిలో ఎన్నింటికి మట్టి. అది చూశాకే పాలు పొయ్యని కట్టన్ కాఫీ గొంతు దిగుతుంది. ఎవరైనా పోతే దగ్గరి బంధువులకు తప్ప ఎవరూ ఫోన్ చెయ్యరు. పేపర్లో వేయించారంటే అందరికీ చెప్పినట్టే.

పేపరు మనిషి వాళ్ల కొండెక్కడం మానేశాక కొడుకు సిబి ఫోన్‌లో చూసే పేపరుకు చందా కట్టి, తల్లి చేతిలో ఒక ట్యాబ్ పెట్టాడు. "నీకోసమే అమ్మచ్చీ" అన్నాడు. ఆ మాట ఎంత నిలిచిందో చూడండి. ఆ చందా మీద పేపరు ఒకేసారి నాలుగు తెరల మీదే తెరుచుకుంటుంది. శోశమ్మ ట్యాబ్, సిబి ఫోను, అతని ఆఫీసు కంప్యూటరు, కోడలు లిజి ఫోను. అక్కడితో సరిపోయింది. సరిపోయిందని ఊరుకున్నారా? క్రికెట్ కబుర్లు చదువుకుంటాడని ఎర్నాకుళంలో ఉన్న లిజి తమ్ముడికి కూడా పాస్‌వర్డ్ ఇచ్చేశారు. ఐదోవాడు లోపలికొస్తే, అందరికంటే ముందు చేరినవాళ్లు బయటికి పోవాలి. ముందు చేరింది శోశమ్మ.

"ట్యాబ్‌లో పేపరు రావట్లేదురా" అంది కొడుకుతో.

"సాయంత్రం చూస్తాలే."

ఆ సాయంత్రం రానేలేదు. మళ్లీ అడిగితే, "క్రికెట్ చదువుకుంటాడని లిజి తమ్ముడికి పాస్‌వర్డ్ ఇచ్చాం, అందుకే నీది ఆగింది. ఒక్క పూట పేపరు చూడకపోతే ఏం మునిగిపోతుంది అమ్మచ్చీ" అని నవ్వాడు.

ఆదివారం భోజనాల దగ్గర చేపల పులుసు వడ్డిస్తూ లిజి మామూలుగా అంది. "పాపం పెద్దావిడ, త్రేస్య చేడత్తి. ఫొటో మాత్రం చక్కగా వేశారు."

శోశమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఏ త్రేస్య?"

"మీ త్రేస్యే. కట్టప్పనలో. మంగళవారం మట్టి చేశారుగా."

కాన్వెంటులో ఒకే కుట్టుమిషను మీద శోశమ్మ, త్రేస్య ఇద్దరూ పని నేర్చుకున్నారు. శోశమ్మ పెళ్లి జాకెట్టు కుట్టింది త్రేస్యే. శోశమ్మ భర్త పోయినప్పుడు వారంరోజులు ఇక్కడే ఉండి, బలవంతంగా గంజి తాగించింది కూడా త్రేస్యే. శవం మొహం మీద గుడ్డ కప్పే ముందు నుదుటి మీద పెట్టే చివరి ముద్దు ఒకటి ఉంటుంది. ఆ ముద్దు త్రేస్యకు శోశమ్మ బాకీ పడిపోయింది. ఇక తీరేది కాదు.

"తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదే?"

"మీకు తెలీదని ఎలా అనుకుంటాం? ఈ ఇంట్లో చావు కబుర్లు మాకు చెప్పేది మీరేగా. వెళ్లట్లేదంటే మోకాళ్ల నొప్పులేమో అనుకున్నా."

శోశమ్మ ఒళ్లు మండిపోయింది. కంచం తోసేసి లేచింది. కొడుకు మీద, కోడలి మీద, ఎర్నాకుళంలో కూర్చున్న ఆ క్రికెట్ పిచ్చోడి మీద వచ్చిన కోపానికి కళ్లలో నీళ్లు కూడా రాలేదు. "కారు తియ్యి" అంది సిబితో. ఎండగా ఉంది, రేపు వెళ్దామని అతను నసిగితే, చెప్పులేసుకుని తానే వాకిట్లోకి నడిచింది. అతను చచ్చినట్టు తాళాలు తీశాడు. ఘాటు రోడ్డు మీదుగా కట్టప్పన చేరారు.

త్రేస్య కూతురు బిన్సి వరండాలోనే ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. "మీకోసం చాలాసేపు ఆగాం చేడత్తీ. ఫాదర్ తొందరపెడుతున్నా నేనే గుడ్డ కప్పనివ్వలేదు. మీరు పేపరు చూస్తే ఎక్కడున్నా వస్తారని, ఫొటో కూడా పెద్దది వేయించాను."

వెనక నుంచి సిబి గబగబా అందుకున్నాడు. "అమ్మచ్చికి ఒంట్లో బాలేదు బిన్సీ, జ్వరం. లేకపోతే రాకుండా ఉంటుందా?"

బిన్సి కంగారుగా శోశమ్మ నుదుటి మీద చెయ్యి వేయబోయింది. శోశమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"నాకు ఏ జ్వరమూ లేదమ్మా. నా పేపరు నాకు లేకుండా చేసి, వీడు దాన్ని బావమరిదికి క్రికెట్ చూసుకోమని ఇచ్చాడు. మీ అమ్మ పోయిందని ఇవాళ అన్నానికి కూర్చున్నాక తెలిసింది."