వేరే గ్లాసు

తెల్లోళ్ల రాజ్యం పోయి, అందరికీ ఓట్లయ్యి కొత్త గవర్నమెంటు వచ్చిన రోజులు. మా తెలుగోళ్లుండే షాల్‌క్రాస్ నుంచి డర్బన్ పోయే మినీబస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. మెళ్లో చిన్న శిలువ. వాళ్ల దేశంలో చర్చి తగలబెట్టారంట, ఇక్కడ ఆశ్రయం అడగడానికి ఆఫీసుకి పోతోంది.

“క్రైస్తవురాలినని అక్కడ చెప్పొచ్చా, సిస్టర్?” అని ఇంగ్లీషులో అడిగింది.

“భయమెందుకక్కా! మా గవర్నమెంటుకి ఏ దేవుడైనా ఒకటే. మీలాంటోళ్లని కాపాడతారు,” అన్నాను గొప్పగా.

“మీ ఇంట్లో క్రైస్తవులెవరన్నా ఉన్నారా?”

నా నోరు ఊరుకోదుగా! “మా పిన్ని యేసుని నమ్ముకుంది. వస్తే అమ్మ ఆవిడకి టీ వేరే గ్లాసులో ఇస్తుంది. ఆ గ్లాసు పెరట్లోనే ఉంటుంది,” అని నవ్వేశాను.

ఆమె నవ్వలేదు. “మా ఊళ్లోనూ ముందు గ్లాసే వేరు చేశారు,” అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆఫీసు ముందు దిగుతూ ఆమె శిలువని జాకెట్టు లోపలికి తోసుకుంది.