బద్రియా గొంతు

బద్రియా నాతోపాటు బళ్ళో చదివింది. అప్పటినుంచీ దానికి ఒకటే జబ్బు. ఎక్కడి కథ చెప్పినా మన వీధిలో, మన పక్కింట్లో జరిగినట్టే చెబుతుంది. పరలోకం గురించి చెప్పమన్నా ముందు మా ఊరు అబుల్ ఖసీబ్‌లో కాలవ దాటించి, కుడిచేతి వైపు తిప్పి, అప్పుడు తీసుకెళుతుంది.

ఒకే బెంచీ మీద కూచున్న నలుగురం మేం. నేను, బద్రియా, నజాత్, ఫిర్యాల్. పెళ్ళిళ్ళయ్యి తలో వీధికీ చెదిరిపోయాక ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకుని దానికి 'పాత బెంచీ' అని పేరు పెట్టుకున్నాం. పొద్దున్నే వాతావరణంతో మొదలు. సముద్రం వైపునుంచి షర్జీ గాలి తిరిగిందంటే ఒంటికి బట్ట అతుక్కుపోయి మనిషికి మనిషి గిట్టదు. "ఇవాళ షర్జీ, నన్నెవరూ పలకరించకండి" అని ఫిర్యాల్ పెడుతుంది. పెట్టి, సాయంత్రం దాకా నోరు మూయకుండా తనే వాగుతుంది. నజాత్ అత్తగారు ఏమంది, ఎవరి కుళాయిలో ఉప్పునీళ్ళొచ్చాయి, ఎవరింట్లో కరెంటుంది, బెండకాయ పులుసులో చింతపండు ఎక్కువైందా. ఇవే మా రాచకార్యాలు.

అన్నిటికంటే పెద్ద కార్యం సీరియల్. తుర్కీ దేశం వాళ్ళది, మన అరబ్బీలో మాటలు పెట్టి వేస్తారు. కరెంటు పోయినప్పుడు మా వీధికి లైను ఇచ్చే జనరేటర్ వాడికి నామీద ఏం పగో, సీరియల్ పాట మొదలవగానే ఆపేస్తాడు. బద్రియా వీధివాడు మాత్రం బుద్ధిమంతుడు. అందుకని అది చూసి, మర్నాడు మాకు నిమిషం నిమిషం ముక్కలుగా గొంతు రికార్డు చేసి పంపేది. సీరియల్లో పెద్ద వంతెన దాని నోట్లో మన కాలవ వంతెన అయిపోయేది. అక్కడ మంచు కురిస్తే ఇక్కడ దుమ్ము లేచేది. హీరోయిన్ పేరు నోరు తిరగలేదని మొదటిరోజే తేల్చేసింది. "ఆ పేరు నా నాలిక మీద నిలవదే తల్లీ, మైసూన్ అనుకుందాం" అంది. హీరోని షామిల్ చేసింది. అసలు పేరు మేమంతా మర్చిపోయాం. ఒట్టేసి చెబుతున్నాను, కరెంటున్న రోజున సీరియల్ నేనే చూస్తే చప్పగా ఉండేది.

దాని బతుకులో మిగిలిన తీపి అదొక్కటే. మొగుడు లారీ డ్రైవర్, సఫ్వాన్ వెళ్ళే దారిలో లారీ బోల్తాపడి చచ్చిపోయాడు. పిల్లల్లేరు. అన్న జబ్బార్ ఇంటికి వచ్చి, పెరట్లో మట్టి తందూరు పెట్టుకుని రొట్టెలు కాలుస్తుంది. ఆ వీధంతా దాని రొట్టెలే తింటుంది. జబ్బార్ చెడ్డవాడని అనను, పిరికివాడు. ఇంట్లో పిరికి మగాడుంటే చెడ్డవాడికంటే గట్టి కాపలా కాస్తాడు. ఎవడో తప్పు నంబరువాడికి జవాబిచ్చిందని దాని పాత ఫోన్ని తందూరు మూత రాయితో పచ్చడి చేశాడు. కొత్తది కొనిచ్చినప్పుడు ఒకటే షరతు పెట్టాడు, దాని గొంతు పరాయి మగాడి చెవిన పడకూడదు. పడ్డనాడు ఫోనూ ఉండదు, గడప దాటడమూ ఉండదు. అన్నంతపనీ చేస్తాడని మాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం మా ఆయన అబ్బాస్ రేవునుంచి తిండికి వచ్చాడు. చొక్కా విప్పి ఫ్యాను కింద కూలబడి, "ఖలఫ్ కూతురి సంగతి విన్నావా?" అన్నాడు. ఖలఫ్ అంటే మా వీధులకి మంచుగడ్డలు వేసే మనిషి. అతని కూతురికి పెళ్ళి కుదిరింది. ఏమిటి సంగతని అడిగేలోపే అబ్బాస్ తన ఫోన్లో ఏదో నొక్కాడు.

"మైసూన్ ఏం చేసిందనుకున్నారు? వాళ్ళమ్మ నమాజుకి లేచిందో లేదో, నల్లసంచీ చంకన పెట్టుకుని వెనక గుమ్మంలోంచి జారుకుంది. మందులషాపు వెనకాల తెల్లకారు. షామిల్ దిగనైనా దిగలేదు, తలుపు తీసి పట్టుకున్నాడంతే. పాపం ఆ అన్నలు, ఇంకా గుర్రుపెట్టి నిద్రపోతున్నారు."

నా మొగుడి ఫోన్లోంచి బద్రియా గొంతు! ఇవాళ పొద్దున ఇదే ముక్క వింటూ నేను పొట్ట పట్టుకు నవ్వాను. ఇప్పుడు నా చేతిలో గిన్నె జారి అన్నం నేలపాలైంది. ఖలఫ్ కూతురి పేరు మైసూన్. మందులషాపు వాళ్ళ సందు చివరే ఉంది. మా నలుగురిలో ఒక్కరికైనా ఆ ఆలోచన రాలేదే, మా బుద్ధులు గడ్డి తిన్నాయి.

"ఎవరో చూసినావిడే చెబుతోంది. కళ్ళారా చూడకపోతే ఆ మాట అలా వస్తుందా?" అన్నాడు అబ్బాస్. గొంతు ఎవరిదో అతనికి తెలీదు. చేతులు మారిన రికార్డు మీద పంపినవాళ్ళ పేరుండదు.

మిగతాది కూడా అతనే చెప్పాడు. ఆ పిల్ల తెల్లవారుజామునుంచి ఇంట్లో లేదు. మేనత్తకి పురిటినొప్పులొస్తే జుబైర్ ఊరికి పంపానని తల్లి మొత్తుకుంటోంది. తల్లి దాస్తోందని అన్నలు నమ్మలేదు. మేనత్త ఫోను పలకదు. అన్నలిద్దరూ కారేసుకుని జుబైర్ వెళ్ళారు, ఒకడి దగ్గర తుపాకీ ఉంది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు సాయంత్రం అసర్ నమాజయ్యాక ఊరిపెద్ద హాజీ ఫర్హాన్ చావడిలో పంచాయితీకి కూచుంటున్నారు. ఆ పిల్ల మేనత్త దగ్గరే దొరికినా గండం గడవదు. ఊరంతా విన్నాక తప్పు చేసిందా లేదా అన్నది ఎవడిక్కావాలి?

గ్రూపులో పెట్టాను. ఎవ్వరూ గొంతు పంపలేదు, అందరూ రాతలే. నజాత్ తేలు కుట్టిన దొంగలా నసిగింది. చివరికి బయటపడింది. దాని ఆడపడుచు ఒక్క ముక్క పంపమని బతిమాలితే పంపిందట. ఆడపడుచు ఇంకెవరికో పంపింది. చిలికి చిలికి గాలివానైంది. ఫిర్యాల్ వెంటనే, "నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా? అన్నీ తుడిచెయ్యండి. మనకేం తెలీదు. రెండ్రోజుల్లో అదే చల్లారుతుంది" అని పెట్టింది. చల్లారేది మాట కాదే, ఆ పిల్ల ఒళ్ళు అని నేను తిట్టిపోశాను. బద్రియా అంతా చదివినట్టు తెలుస్తోంది. కాసేపటికి దాని దగ్గర్నుంచి ఒక్క ప్రశ్న వచ్చింది. "ఆ పిల్ల దొరికిందా?"

బట్టల మీద నల్ల అబాయా తగిలించుకుని దాని దగ్గరికి పరిగెత్తాను. షర్జీలో, ఆ ఎండలో, తందూరు ముందు నిలబడి రొట్టెలు తీస్తోంది. నా వైపు చూడలేదు.

మా అబ్బాస్‌ని పంపి అది సీరియల్ కథని చెప్పిస్తాను, నీ పేరు రానివ్వను అన్నాను.

"ఏ సీరియల్లో మైసూన్ ఉందని అడిగితే ఏం చెబుతాడు? మందులషాపు ఎక్కడుందని అడిగితే? అవన్నీ నేను పెట్టినవే కదే సాజిదా. ఫోన్లో ఆ భాగం చూపించినా, తప్పు కప్పడానికి సీరియల్ వెతికి తెచ్చారంటారు."

"జబ్బార్ కూడా అక్కడే కూచుని ఉంటాడు."

"తెలుసు."

"ఫోన్ ఒక్కటే పోదు, బద్రియా."

అది చివరి రొట్టె మాడకుండా తీసి బుట్టలో వేసింది. చేతులు అబాయాకి తుడుచుకుంది. "భయంగానే ఉంది. కానీ నా నోటికి వాగుడెక్కువైతే ఆ పిల్ల ఎందుకు చావాలి?" అని నడిచింది. నేనూ వెనకే నడిచాను.

చావడి నిండా మగాళ్ళు. ఆడవాళ్ళం లోపలికి పోము, గుమ్మం దగ్గర ఆగాం. పెళ్ళికొడుకు పెదనాన్న ముందు కాఫీ కప్పు నేలమీద అలాగే ఉంది. తాగలేదంటే వచ్చిన పని తేలలేదని. ఖలఫ్ తల ఎత్తడంలేదు. మంచుగడ్డలు మోసి మోసి వంగిన మనిషి, ఇంకా వంగిపోయాడు. మూలగా జబ్బార్ కూచుని ఉన్నాడు. ఆ రికార్డు చెప్పిన మనిషిని పట్టుకొస్తేగానీ మాట ముందుకు సాగదని పెదనాన్న అంటున్నాడు.

"సలాం అలైకుం, హాజీ మామా. ఆ గొంతు నాది," అంది బద్రియా.

అందరి తలలూ తిరిగాయి. జబ్బార్ ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"అయితే చూశావన్నమాట," అన్నాడు పెదనాన్న.

"చూశాను. టీవీలో."

ఎవడో పకపకా నవ్వాడు. పెదనాన్న నవ్వలేదు. "పిల్లని కాపాడుకోడానికి ఎవరు నేర్పి పంపారమ్మా నిన్ను?"

బద్రియా గడపకి ఇంకో అడుగు దగ్గరికి జరిగింది. "ఆ రికార్డు పెట్టించండి," అని హాజీని అడిగింది.

ఆయన చెయ్యి ఊపితే ఒక కుర్రాడు ఫోన్ నొక్కాడు. దాని గొంతు దానికే వినిపించింది. అది కళ్ళు మూసుకుని, ఆ గొంతుతోపాటే చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క మాట తేడా లేదు. ఊపిరి పీల్చిన చోటే పీల్చింది, గుటక వేసిన చోటే వేసింది. ఫోన్లో ముక్క అయిపోయింది. బద్రియా ఆగలేదు. కారు వంతెన ఎక్కింది. షామిల్ వాళ్ళమ్మ మేడమీంచి చూసింది. ఎప్పుడూ మంచుని దుమ్ము చేసి చెప్పే మనిషి, ఆరోజు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "మంచు కురుస్తోంది. కారద్దం మీద మంచు, వంతెన మీద మంచు. మైసూన్ చెప్పుల్లేని కాళ్ళతో మంచులోకి దిగింది."

గుడ్లు ఉడికే ఎండలో, విసనకర్రలు ఆడిస్తున్న మగాళ్ళు ఒక్కొక్కళ్ళే చేతులు ఆపారు. అబుల్ ఖసీబ్‌లో మంచు ఎప్పుడు కురిసింది? ఖలఫ్ కూతురు మంచులో నడవడమేమిటి? హాజీ ఫర్హాన్ గడ్డం నిమురుకుని, "ఖలఫ్, ముందు నీ కొడుకులకి ఫోన్ చెయ్యి," అన్నాడు.

మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. ఖలఫ్ వేళ్ళు నంబరు మీద నిలవక పక్కవాడు నొక్కి స్పీకర్ పెట్టాడు. చివరికి ఎవరో ఎత్తారు.

"ఎక్కడున్నార్రా? దానిమీద చెయ్యి వెయ్యకండి. అంతా అబద్ధం రా. వినబడుతోందా? దాని చేతికివ్వు. ముందు దాని చేతికివ్వు."

కాస్త ఆగి ఆ పిల్ల గొంతు వినిపించింది, గుమ్మంలో ఉన్న మాక్కూడా. "నాన్నా, అత్తకి ఆడపిల్ల పుట్టింది. అన్నలు ఇప్పుడే వచ్చారు, ఎందుకలా చూస్తున్నారు నన్ను?"

ఖలఫ్ చాపమీద కూలబడి గట్టిగా ఏడ్చాడు. పెళ్ళికొడుకు పెదనాన్న చల్లారిపోయిన కాఫీ ఎత్తి తాగాడు. నేను కూడా ఏడ్చాను, సిగ్గేముంది.

జబ్బార్ లేచి వచ్చి చెయ్యి చాపాడు. బద్రియా ఏమీ అనకుండా ఫోన్ ఇచ్చేసింది. అతను దాన్ని జేబులో వేసుకుని ముందు నడిచాడు, అది వెనక నడిచింది.

ఆ తర్వాత పాత బెంచీలో మాటల్లేవు. ఫిర్యాల్ పొద్దున్నే "షర్జీ" అని ఒక్క ముక్క పెట్టేది, ఎవరూ బదులిచ్చేవాళ్ళం కాదు. నజాత్ ఆడపడుచుతో మాట్లాడ్డం మానేసింది. దానివల్ల ఒరిగిందేమిటో నాకు తెలీదు. బద్రియా రొట్టెలు కాల్చేవేళకి జబ్బార్ పెరటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూచోడం మొదలుపెట్టాడు. రొట్టెలకి వచ్చే ఆడవాళ్ళు గుసగుసలు కూడా మానేసి తీసుకుపోయేవారు.

ఒకరోజు నేను వరుసలో ఉండగా ఖలఫ్ కూతురు మైసూన్ బుట్ట పట్టుకుని వచ్చింది. అందరం పక్కకి జరిగి దారి ఇచ్చాం. నాకింకో దిగులు కూడా ఉంది. ముందురోజు మా జనరేటర్ వాడికి దేవుడు బుద్ధి పుట్టించి సీరియల్ చివరిదాకా నడవనిచ్చాడు. సీరియల్లో మైసూన్ తిరిగొచ్చింది, వంతెన మీద అన్న కాల్చేశాడు. బద్రియా కూడా చూసే ఉంటుంది, ఇంట్లో టీవీని జబ్బార్ ముట్టుకోలేదు.

బద్రియా పిండిముద్ద చేతిలో పట్టుకుని, "నన్ను క్షమించు తల్లీ. ఆ కథ ఇంక ఎవరికీ చెప్పను. చెప్పినా నీ పేరు తీసేస్తాను," అంది.

"తియ్యొద్దత్తా," అంది మైసూన్. "నేను ఇల్లు విడిచి వెళ్ళడం ఊరంతా విన్నారు. తిరిగి రావడం కూడా విననివ్వు."

బద్రియా గుమ్మం వైపు చూసింది. జబ్బార్ నేలకేసి చూస్తున్నాడు. అది రొట్టెని తందూరు గోడకి చరిచి, సందు చివరిదాకా వినబడేలా మొదలుపెట్టింది. మైసూన్ వంతెన దిగింది, మందులషాపు దాటింది, సొంత సందులోకి తిరిగింది. గుమ్మంలో అన్నలిద్దరూ నిలబడి ఉన్నారు.

"ఏమన్నారు?" అంది మైసూన్.

"ఏమంటారే పిచ్చిపిల్లా. ఆలస్యమైంది, అన్నం తిన్నావా అని అడిగారు."

జబ్బార్ స్టూలు మీంచి లేవలేదు, ఆపమనీ అనలేదు.