యోధుడని రాయించుకున్న కాగితం

నంద్యాలలో జిన్నింగు మిల్లు ఆఫీసులో గుమాస్తాగా చేరిన మూడో ఏడు, అంటే ఎనభైలు సగానికి వచ్చిన రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నాలు నేనొక ఆట ఆడేవాణ్ణి. ముప్పయ్యేళ్ళ మనిషికి ఆటలేమిటని అడగొచ్చు. ఆ ఊళ్ళో నాకు అంతకు మించి తోడు లేదు.

మాది ఆళ్ళగడ్డ పక్కన పల్లె. తాతల నాటి పొలాలు, బండ్లు నా చేతికి రాకముందే పోయాయి. మిగిలింది ఒక్కటే. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పందిట్లో మొదటి అడుగు మా ఇంటి మగవాడిది. మేము లోపలికి పోయి తొలి తాంబూలం అందుకునేదాకా పెళ్ళికూతురి మేనమామ అయినా బయట నిలబడాల్సిందే. మా నాయన ఉన్న ఒక్క మంచి చొక్కా ఇస్త్రీ చేయించుకొని పోయేవాడు.

ఆట పెట్టినవాడు మిషను బడిలో ఇంగ్లీషు మాస్టరు. నా ఈడువాడే. వాళ్ళ తాత మా తాత పొలాల్లో పని చేసినవాడు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. కాని అతను నన్ను మాత్రం "సార్, మీరు" అనేవాడు, మిగతావాళ్ళను "నువ్వు" అనేవాడు.

బెంగుళూరులో చదువుకునేటప్పుడు ఎవరో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం జిరాక్సు అతని దగ్గర ఉండేది. ఆటకు పలక లేదు, కాయలు లేవు. మాస్టరు ఒక పాడుబడ్డ కోట గురించి చెప్తాడు. అందులో మేం ఏం చేస్తామో మేం చెప్పాలి. అది జరిగిందా లేదా అనేది అంకె తేలుస్తుంది. ఇరవై ముఖాల పాచిక ఒకటి కావాలట. అది మాకు ఎక్కడ దొరుకుతుంది? ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు రాసిన చీటీలు స్టీలు గ్లాసులో వేసి తీసేవాళ్ళం, ఎంత పెద్ద అంకె వస్తే అంత మేలు.

ప్రతి ఒక్కరికీ ఒక వృత్తి ఉండాలన్నాడు మాస్టరు. కత్తి పట్టే యోధుడు, మంత్రాలు వేసే మాంత్రికుడు, గాయాలు మాన్పే పూజారి, తాళాలు తీసి ఉచ్చులు కనిపెట్టే దొంగ. ఒకరి పని ఇంకొకరు చేయలేరు. ఇంతవరకు నాకు కొత్తేమీ లేదు. ఆ వృత్తి ఎక్కడినుంచి వస్తుందన్నదే అర్థం కాలేదు. తండ్రి నుంచి కాదట. వైకుంఠపాళీ పెట్టెలోని పాచికలు మూడేసి వేసి, కూడి, బలం ఎంతో, తెలివి ఎంతో, చురుకు ఎంతో, ఇలా ఆరు గుణాలకు రాసుకోవాలి. ఆ అంకెలు ఒప్పుకున్న వృత్తి తీసుకోవాలి. రెండు మూడు సార్లు అడిగాను. అతను ప్రతిసారీ అదే చెప్పాడు.

మాస్టరు చెల్లెలు నర్సు. ఆమెను పూజారిగా ఉండమన్నాడు.

"ఆరు దినాలు ఆడ కట్లు కట్టేది నేనే, ఏడో దినం ఈడ గూడా నేనేనా? నేను మంత్రాలేస్తా, పోన్నా" అంది.

నాలుగోవాడు డోన్ మనిషి, బస్సు కండక్టరు. అతను దొంగ కావాలన్నాడు. "టికెట్టు లేనోళ్ళను దినామూ పట్టుకుంటాండా. ఒకనాడు నేనే దాక్కుంటే ఎట్లుంటాదో చూస్తా."

నా పాచికలకు బలం ఆరు పడింది. తొమ్మిది లేనిదే యోధుడు కాకూడదని పుస్తకం. మా ఇంటి గోడకు ఇప్పటికీ రెండు కత్తులున్నాయి.

"యోధుడని రాయండి" అన్నాను.

మాస్టరు పుస్తకం పక్కన పెట్టి రాశాడు. అది నాకు న్యాయంగానే తోచింది.

మూడో ఆదివారం కోటలో ఒక రాతి తలుపు దగ్గరికి చేరాం. కండక్టరు ముందుకు వంగాడు. "నేను ముందు పోతా. బస్సు రివర్సు చేసేటప్పుడు ఎనక దిగి దోవ చూసి విజిలేసేది కండక్టరే గదా."

"నేనుండగా నువ్వు ముందెట్లా పోతావ్? వెనక రా."

"అన్నా, యాడ ఏముందో చూసేదే నా పని."

"తలుపు దాటేది ముందు నేనే" అన్నాను. నా గొంతు మా నాయన గొంతులా ఉందని నాకే వినిపించింది.

గ్లాసులోంచి చీటీ తీశాను. మూడు. తలుపు దాటగానే కాలికింద బండ తిరగబడిందనీ, కింద గొయ్యిలో ఇనుప మేకులున్నాయనీ మాస్టరు నెమ్మదిగా చెప్పాడు. నేను చచ్చిపోయాను.

మాస్టరు నా చీటీని మళ్ళీ గ్లాసులో వేశాడు. "పోనీలే సార్. బండ కదలంగానే మీరు ఎనక్కి దూకినారు అనుకుందాం."

"అనుకుందామా?" అంది చెల్లెలు. "పోయిన వారం కోటలో ఈ కండక్టరన్న మంటల్లో కాలిపోతే అనుకోలేదే. కొత్త కాగితం రాసుకో అంటివి. మన తాత గూడా వీళ్ళను చూస్తే ఇట్లనే పక్కకు జరిగేవాడంట. నువ్వు గూడా జరుగుతాండావా?"

"నువ్వు ఊరుకో" అన్నాడు మాస్టరు. కండక్టరు గ్లాసులో చీటీలు లెక్కపెట్టుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

ఆ రోజు నా మనసులో జరిగినది ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మాస్టరు ఇస్తున్నది నాకు పుట్టుకతో అలవాటైన మర్యాదే. మా పల్లెలో అది అందకపోతే పగ. ఇక్కడ అది అందుతుంటే మొహం ఎందుకు మండింది? అతని మాట ఒప్పుకుంటే బతుకుతాను, కత్తి నాదే. కాని ఆ తర్వాత ముగ్గురూ తమలో తాము ఆడుకుంటారు, నన్ను కూర్చోబెట్టి గౌరవిస్తారు. ఒప్పుకోకపోతే బలం ఆరున్న ఆ కాగితం, దానితోపాటు ఇంకేదో, పోతుంది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. లేస్తే మళ్ళీ రాలేనని తెలుసు. మిల్లు వెనక గదిలో ఆదివారం ఎంత పొడుగో కూడా తెలుసు.

"చచ్చినాను. కొత్త కాగితం ఇవ్వండి" అన్నాను.

పాచికలు వేశాను. బలం ఎనిమిది, తెలివి ఏడు, చురుకు పద్నాలుగు. మిగతావీ అంతంతే. మాస్టరు పుస్తకం తిరగేశాడు.

"ఏమంటుంది పుస్తకం?" అని అడిగాను.

"దొంగ, సార్. వేరేది కుదర్దు."

"రా అన్నా" అన్నాడు కండక్టరు. "మా డిపోకే వచ్చినావ్. ఇంక ఇద్దరం డ్యూటీ మార్చుకుందాం."

చెల్లెలు నవ్వింది. నేను నవ్వలేదు. పెన్ను తీసుకొని ఆ మాట నా చేత్తోనే రాశాను. మా వంశంలో ఎవరూ తన కాగితం మీద అలాంటి మాట రాసుకొని ఉండరు. అక్షరాలు మాత్రం గుండ్రంగా, బాగా వచ్చాయి.

మాస్టరు ఆట ముందుకు నడిపాడు. గొయ్యి దాటే సంగతి పుస్తకంలో చూస్తూ, తల ఎత్తకుండానే, "తాడు ఉందా నీ కాడ?" అన్నాడు. అన్నాక తల ఎత్తి నా వంక చూశాడు. నేను ఏదో ఒకటి అనాలని ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. అతను నన్ను "నువ్వు" చేసి మాట్లాడడం అదే మొదటిసారి. కాగితంలో వెతికాను.

"తాడు లేదు" అన్నాను.