ఉతకని చీరముక్కలు

మా ఇంట్లో బట్టల్లో నావి ఏవో గుర్తుపట్టడం ఈ మధ్య కష్టంగా ఉంది. ఉతికే యంత్రంలో సబ్బుపొడి చాలదన్నట్టు ఇప్పుడు ఏదో ఊదారంగు ద్రవం కూడా పోస్తున్నారు. తువ్వాలు, దుప్పటి, లుంగీ, నా బనియను, అన్నీ ఒకటే పూల వాసన. ఆ పువ్వును మా ఇంట్లో ఎవరూ చూసినవాళ్ళు లేరు. సీసా మీద బొమ్మ ఉంది కనక అదేనని నమ్ముతున్నాం. నిన్న మధ్యాహ్నం దిండు మీద తల పెడితే ఎవరింటికో చుట్టపు చూపుగా వెళ్ళినట్టనిపించి కునుకు పట్టలేదు. మా ఆవిడతో అంటే, "శుభ్రంగా ఉన్నా కష్టమేనా మీకు?" అంది. కష్టమే. ఆ సంగతి నాకు నలభై ఏళ్ళ పైనుంచే తెలుసు. తెలియజెప్పిన మనిషి రజియా బీబీ.

డెబ్బైల చివర నేను బీయే పాసై విశాఖపట్నంలో ఖాళీగా ఉండేవాణ్ణి. ఉక్కు కర్మాగారం వస్తుందనీ, వచ్చాక ఉద్యోగాలు వస్తాయనీ ఊరంతా చెప్పుకునే రోజులు. పద్మనాభం అనే ఊరి దగ్గర మా నాన్నకు వరిపొలం ఉండేది. ఆయన పొలంలో వంగుతుంటే నేను కర్మాగారం కోసం నిలబడి ఎదురుచూసేవాణ్ణి. అప్పుడు నా గదిలో ఉండే అప్పలరాజు ఒక వార్త తెచ్చాడు. ఫిషింగ్ హార్బరులో చేపలమ్ముకునే ఆడవాళ్ళ పిల్లల కోసం ఒక బాలవాడి ఉంది. దానికి డబ్బు పంపే విదేశీ సంస్థ ఏటా ఒకరిని పశ్చిమ జర్మనీకి తీసుకెళ్ళి, చిన్నపిల్లల పెంపకం, సంరక్షణ మీద ఏడాదిన్నర కోర్సు చెప్పిస్తుంది. డిగ్రీ ఉండాలి, ఆరు నెలలు బాలవాడిలో పనిచేయాలి, ఈ మనిషి చేతుల్లో పిల్లల్ని పెట్టవచ్చు అని బాలవాడి నడిపే ఆవిడ సంతకం చేయాలి. అంతే.

"జర్మనీ బావా," అన్నాడు అప్పలరాజు. "పిల్లల్ని సూసుకోడమేటి, పెద్ద పనా? ఆళ్ళే పెరిగిపోతారు."

ఆ నమ్మకంతోనే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఐసు ఫ్యాక్టరీ పక్కన ఒక పాత షెడ్డు, నేల మీద చాపలు, గోడ నిండా వరసగా మేకులు. ప్రతి మేకుకూ ఒక మాసిన గుడ్డముక్క వేలాడుతోంది. ఆ ముక్కల మధ్య తెల్లని ముసుగు కప్పుకున్న సన్నటి ముసలావిడ కూచుని ఉంది. బాలవాడి నడిపే రజియా బీబీ ఆవిడే, ఆవిడది పాతపట్నం. ఆమె భర్తకు తాళాలు బాగుచేసే దుకాణం ఉండేదట. ఆయన పోయాక ఆవిడ ఇక్కడ చేరింది. చేపలవాళ్ళందరికీ బీబమ్మ. గంపతో గుమ్మంలో నిలబడ్డ పోలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏటి బీబమ్మా, మీసాలున్న ఆయాని ఎట్టినావు? పాలు కూడా ఇత్తాడేటి?"

"ఇంగిలీసు ఇత్తాడు," అంది బీబమ్మ, తల ఎత్తకుండానే.

నా ఉద్యోగం తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యేది. పడవలు వచ్చే వేళకి, వేలం మొదలవకముందే, తల్లులు నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చేవారు. నిద్ర చెడకుండా ఆ భుజం మీద నుంచి ఈ భుజం మీదికి, అక్కడినుంచి చాప మీదికి చేర్చాలి. మొదటి రోజు నేను అందుకున్న పిల్లలందరూ మేలుకున్నారు. బీబమ్మ నా చేతులు పట్టుకు చూసింది. "ఐసుగడ్డల్లాగున్నాయి. ముందు రుద్దుకో. నిన్నెవరైనా ఐసుతో లేపితే ఊరుకుంటావా, బీయే బాబూ?" పిల్లను చాప మీద పెట్టగానే మేకుకున్న గుడ్డముక్క తీసి బుగ్గ కింద దోపేది. అది ఆ తల్లి కట్టి విప్పిన చీరలోంచి చింపిన ముక్క. చేప, చుట్ట, చెమట, ఉప్పు, ఏది ముందో చెప్పలేని వాసన. పిల్ల ఒకసారి ముక్కు రుద్దుకుని మళ్ళీ నిద్రలోకి జారిపోయేది. ఏ ముక్క ఎవరిదో బీబమ్మ చీకట్లో మూచూసి చెప్పేది. వాసన తగ్గిందనిపిస్తే తల్లే కొత్త ముక్క తెచ్చేది. ఆ ముక్కల్ని ఉతకరాదు. నేను చేరిన రోజే చెప్పిన ఒకే ఒక్క నియమం అది. నేను డిగ్రీ చదివినవాణ్ణి కనక దానికి కారణం అడగలేదు, అజ్ఞానమని నాకు నేనే నిర్ణయించుకున్నాను.

ఆరు నెలలూ గడిచాయి. సంతకం చేయాల్సిన కాగితం ముందు పెట్టిన ప్రతిసారీ ఆవిడ దాన్ని మడిచి నా జేబులోనే పెట్టేది.

"నీకు పిల్లలు ఇంకా బరువుగా ఉన్నారు బాబూ. పుస్తకాల మూటలాగ మోత్తన్నావు."

"జర్మనీలో నేర్పుతారు కదా బీబమ్మా."

"మరైతే ఆళ్ళనే సంతకం ఎట్టమను."

ఇంతలో విదేశీ సంస్థ నుంచి ఇద్దరు దొరసానులు బాలవాడి చూడటానికి వస్తున్నట్టు కబురొచ్చింది. వాళ్ళ ముందు నేను మెరవాలనుకున్నాను. ముందురోజు మధ్యాహ్నం బీబమ్మ తన ఇంటికి వెళ్ళిపోగానే గోడ మీది ముప్పై రెండు ముక్కలూ దించి, చాకలి సోడా వేసి ఉడికించి, సబ్బు పెట్టి, వలలు ఆరేసే తాళ్ళ మీద ఆరేశాను. సాయంత్రం మళ్ళీ మేకులకు తగిలిస్తే, గోడంతా వెలిసి, బుద్ధిగా, ఆసుపత్రి గోడలా ఉంది. చాలా సంతోషించాను. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని అంతకుముందు లేదు.

మర్నాడు పిల్లలు వచ్చారు. అప్పటికి నా చేతులు కొంత మెరుగయ్యాయి కనక ఎవరూ మేలుకోలేదు. బుగ్గ కింద ముక్క దోపాను. మొదటి పిల్ల ముక్కు రుద్దుకుంది, కళ్ళు తెరిచింది, చుట్టూ చూసింది, రాగం తీసింది. ఆ తర్వాత పక్కది. వేలం కూడా చూడాలని చీకటితోనే వచ్చిన దొరసానులు జీపు దిగేసరికి ముప్పై రెండు మందీ ఒకే గొంతుతో ఏడుస్తున్నారు, మధ్యలో నేను ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాను. దొరసానుల కోసం బయట నిలబడ్డ బీబమ్మ లోపలికి వచ్చి ఒక ముక్క తీసి మూచూసింది. నా వైపు చూసింది. ముక్కలన్నీ గంపకెత్తుకుని వేలం జరిగే చోటికి నడిచింది. పాట మధ్యలో ఒక్కొక్క తల్లినీ ఆపి, మెడా చంకలూ తుడుచుకోమని ఆమె ముక్క ఆమెకే ఇచ్చి, మళ్ళీ గంపలో వేసుకుని వచ్చింది. చాపల వెంట నడుస్తూ ఎవరిది వారికి పెట్టింది. ఒక్కొక్క గొంతూ తగ్గింది. పోలమ్మ కొడుకు అందరికన్నా ఆఖరున ఊరుకున్నాడు.

దొరసానుల్లో ఒకావిడ ఏమైందని ఇంగ్లీషులో అడిగింది. నేను తెలుగు చేశాను. నా ఆరు నెలలూ, నా జర్మనీ, బీబమ్మ నోటి చివర ఉన్నాయి.

"గుడ్డలు ఉతికేసినాం, అది తప్పని సెప్పు," అంది. ఎవరు ఉతికారో దొరసాని అడగలేదు. నేనూ అదనంగా ఏమీ అనువదించలేదు.

ఆ సాయంత్రమే ఆవిడ కాగితం అడిగి తీసుకుంది. కుడి నుంచి ఎడమకి ఉర్దూలో, ఒక్కొక్క అక్షరానికీ ఊపిరి తీసుకుంటూ పేరు రాసింది. ఎందుకు బీబమ్మా అని అడిగాను.

"ఒకపాలి ఉతికినోడు మరి ఉతకడు," అంది.

జర్మనీలో మా తరగతిలో పదిహేడు మంది అమ్మాయిలు, నేను. రబ్బరు బొమ్మలకి స్నానం చేయించడం నేర్పారు. అంత మర్యాదగల శిశువుల్ని నేను హార్బరులో చూడలేదు. అసలు పరీక్ష ఒక నర్సరీలో. టర్కీ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన ఒకావిడ కూతురు మూడు రోజులుగా ఏడుపు ఆపడం లేదు. బొమ్మలిచ్చారు, పాటలు పాడారు, పుస్తకం తిరగేశారు. నాలుగో రోజు పొద్దున నేను గుమ్మం దగ్గర ఆ తల్లిని ఆపి, చేసైగలతో ఆమె తలగుడ్డ అడిగి తీసుకున్నాను. పాప దాన్ని ముక్కుకి అదుముకుని కూచుంది. మధ్యాహ్నానికి నిద్రపోయింది. మా టీచరు ఇది ఏ పుస్తకంలో ఉంది అని అడిగింది. పుస్తకంలో లేదన్నాను. అది నిజమే. చివరి వ్యాసానికి 'నా పరిశీలనలో తేలిన పద్ధతి' అని పేరు పెట్టి పన్నెండు పేజీలు రాశాను. ఒక పేద దేశపు రేవులో, సౌకర్యాలు లేని చోట, నేను గమనించి కనుక్కున్నట్టుగా రాశాను. మొదటి శ్రేణి ఇచ్చారు.

తర్వాత పాతికేళ్ళకు పైగా బాలవాడి టీచర్లకి పాఠాలు చెప్పాను. ప్రతి బ్యాచికీ మొదటి రోజు గుడ్డముక్క సంగతి చెప్పేవాణ్ణి, రజియా బీబీ పేరుతోనే. ఆ పన్నెండు పేజీలు మాత్రం బీరువాలో అలాగే ఉన్నాయి. వాటిలో ఆ పేరు లేదు, ఇక చేర్చడం కుదరదు.

అప్పట్లో జర్మనీ నుంచి తిరిగి రాగానే ఆ వ్యాసాన్ని తీసుకుని హార్బరుకి వెళ్ళాను. బీబమ్మ అదే చాప మీద కూచుని ఎవరిదో కొత్త చీరముక్క అంచు మడిచి కుడుతోంది. పోలమ్మ గంప దించి కూచుంది. నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తెలుగులో చదివి వినిపించాను. పోలమ్మ, "బాగా రాసినావు బాబూ, మా వాసనకి కూడా మార్కులేసినారన్నమాట," అని నవ్వింది. బీబమ్మ సూది ఆపలేదు. నేను కాగితాలు మడిచి, ఏమంటుందా అని చూస్తూ కూచున్నాను. దారం కొరికి, ముక్క మేకుకి తగిలించి, అప్పుడు నా వైపు తిరిగింది.

"అన్నీ రాసినావు, బాగుంది. ఆ గుడ్డలు ఉతికేసినోడివి నువ్వేనని రాసినావా?"